తంగేడు ఆకు మీద నిలబడేది గ్రంథేనా? ‘గ్లాండ్’కి తెలుగులో ఎక్కడ ఏ మాట?

పదకోశం_పని:
ఇంటర్ బైపీసీ పిల్లల కోసం మొక్కల వర్ణనలు తెలుగులో రాస్తున్నాం. జంతువుల దగ్గర ఇబ్బంది లేదు: లాలాజల గ్రంథి, స్వేద గ్రంథి, వినాళ గ్రంథి అన్నీ స్థిరపడ్డ మాటలే. మొక్కల దగ్గరికొచ్చేసరికి చిక్కు. ఫ్లోరా (ఒక ప్రాంతపు మొక్కల వర్ణన) పుస్తకాల్లో గ్లాండ్యులర్, ఎగ్లాండ్యులర్, గ్లాండ్ డాటెడ్, స్టిపిటేట్ గ్లాండ్ అని రకరకాలుగా ఉంటుంది. అన్నిటినీ ‘గ్రంథి’తోనే సరిపెట్టొచ్చా? తంగేడు ఆకు మధ్యలో చిన్న పుల్లలా నిలబడేది గ్రంథేనా? జిల్లేడు పాలు కారే చోటునీ అలాగే అనాలా?

పదింతల_లెన్సు:
తంగేడుది గ్రంథే. పత్రకాల (ఆకులోని చిన్న ఆకుల) ప్రతి జత మధ్యా, ఆకు నడిమి కాడ మీద, సన్నగా నిటారుగా ఒకటి ఉంటుంది. పువ్వుతో సంబంధం లేకుండా తేనె ఊరే చోటు అది, అందుకే లేత ఆకుల దగ్గర చీమలు తచ్చాడుతుంటాయి. రేల ఆకులో ఇవి ఒక్కటీ కనిపించవు. కసిందకు ఆకు కాడ మొదట్లోనే ఒక్క బుడిపె. ఒకప్పుడు ఈ మూడూ కాసియా ప్రజాతిలోనే ఉండేవి. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే వృక్షశాస్త్రజ్ఞులు విడదీశాక తంగేడు, కసింద సెన్నా ప్రజాతిలోకి వెళ్లాయి, రేల కాసియాలోనే మిగిలింది. ఆకు మీద గ్రంథి ఉంటే అది రేల గుంపు కాదని చెప్పేయొచ్చు. లేదు కదా అని సెన్నా కాదనకండి, సెన్నా సయామియాకు కూడా ఉండవు.

చూసేటప్పుడు కొమ్మ చివర నుంచి రెండో మూడో ఆకు తెంపండి. పైనుంచి కాకుండా పక్క నుంచి, కంటికి సమానంగా పట్టుకుని పదింతల లెన్సుతో చూడాలి. ముదురు ఆకులో గ్రంథి ఎండి రాలిపోతుంది. కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టిన నమూనాలో అణిగిపోతుంది, అందుకే ‘గ్రంథులు లేవు’ అని రాసేముందు మచ్చ ఏమైనా మిగిలిందేమో వెతకండి. పొలుసు పురుగుని, పురుగు గుడ్లని చూసి గ్రంథి అనుకోవడం మామూలే. సూదితో మెల్లగా నెట్టండి: పురుగైతే శుభ్రంగా ఊడివస్తుంది, గ్రంథి అయితే ఆకు చీరుకుంటుంది. పురుగు కుట్టి లేచిన బుడిపెలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. గ్రంథి మాత్రం ఆకు ఆకుకీ అదే చోట ఉంటుంది.

మాటల సంగతి: స్టిపిటేట్ అంటే కాడ ఉన్న గ్రంథి, సెసైల్ అంటే కాడ లేని గ్రంథి. ‘సవృంత, అవృంత’ అంటే పిల్లలు ఆకు కాడ అనుకుంటారు, వద్దు. ఎగ్లాండ్యులర్ అంటే గ్రంథులు లేనిది అనడమే మేలు. కొన ఉబ్బి జిగురుగా ఉండే నూగుని గ్రంథి కేశాలు అనండి. నేలాముదం ఆకు అంచున వరుసగా నిలబడేవి కాడ ఉన్న గ్రంథులకు మంచి ఉదాహరణ. ఆ మొక్క శాస్త్రీయ నామంలోనే ‘గ్లాండులిఫెరా’ ఉంది, గ్రంథులు మోసేది అని.

చుక్కల_ఆకు:
‘గ్లాండ్ డాటెడ్’ని పై వాటితో కలపకండి. అది బయటికి పొడుచుకొచ్చే గ్రంథి కాదు, ఆకు లోపలి నూనె అర. నిమ్మ, బత్తాయి, కరివేపాకు, మారేడు, ఇటు జామ, నేరేడు, నీలగిరి: ఏ ఆకైనా ఎండకు అడ్డం పట్టి చూడండి, సూదితో గుచ్చినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. జామ ముదురాకు దళసరి, చుక్కలు తెలియవు, లేతది తీసుకోండి. వర్ణనలో ‘నూనె చుక్కల ఆకు’ అంటే చాలు. తులసి వాసన మాత్రం వేరే ఏర్పాటు. అక్కడ నూనె ఆకు పైపొర మీది గ్రంథి కేశాల్లో ఉంటుంది, అందుకే కాస్త తాకితేనే చేతికి అంటుకుంటుంది. నిమ్మాకుని నలిపితే గానీ వాసన రాదు.

పత్తిలో రెండు రకాలూ ఉన్నాయి. ఆకు అడుగున నడిమి ఈనె మీద చిన్న గుంట, అది తేనె గ్రంథి. కాండం, ఆకు, గింజ నిండా నల్లటి చుక్కలు, అవి గాసిపాల్ అనే విష పదార్థం నిల్వ ఉండే రంగు గ్రంథులు. పత్తి గింజని బ్లేడుతో అడ్డంగా కోస్తే పప్పులో మిరియప్పొడి చల్లినట్టు కనిపిస్తాయి. కోళ్లకూ పందులకూ పత్తి చెక్క మోతాదు మించకూడదనడానికి కారణం ఈ చుక్కలే. నెమరేసే పశువుల పొట్ట చాలావరకు తట్టుకుంటుంది, దూడలు తట్టుకోలేవు. ఈ గ్రంథులు అసలే లేని పత్తిని 1950లలోనే తయారుచేశారు గానీ, చేలో పురుగులు దాన్ని వెతుక్కుని మరీ తిన్నాయి.

కణజాలం:
జంతువుల దగ్గర ఇబ్బంది లేదన్నారు, అక్కడా ఉందండీ. సంస్కృతంలో గ్రంథి అంటే ముడి. లాటిన్‌లో గ్లాన్స్ అంటే ఓక్ కాయ, గ్లాండులా అంటే చిన్న ఓక్ కాయ. రెండూ ఆకారాన్ని బట్టి పుట్టిన మాటలే, స్రవించడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. గజ్జల్లో ‘బిళ్ళ కట్టడం’ దగ్గర గందరగోళం అందుకే. అక్కడ వాచేది లింఫ్ నోడ్ (శోషరస కణుపు), అది ఏదీ స్రవించదు, గ్రంథి కాదు. గవదబిళ్ళల్లో వాచేది మాత్రం నిజమైన గ్రంథి, చెవి కింది లాలాజల గ్రంథి, పెరోటిడ్. టోడ్ కప్పకు కళ్ల వెనక ఉండే విషపు ఉబ్బు పేరు పెరోటాయిడ్. అచ్చులో ఒక్క అక్షరం జారితే ఒకటి ఇంకోటైపోతుంది.

క్లోమాన్ని నాళ గ్రంథి, వినాళ గ్రంథి అనే రెండింటిలో ఏ ఒక్క గడిలోనూ పెట్టకండి. జీర్ణరసాన్ని నాళంలోకి వదులుతుంది, ఇన్సులిన్‌ని నేరుగా రక్తంలోకి వదులుతుంది, కాబట్టి మిశ్రమ గ్రంథి. అన్నట్టు, పీయూష గ్రంథిలో పీయూషం అంటే అమృతం, దాని ఇంగ్లిష్ పేరు పిట్యూటరీలోని లాటిన్ మాట పిట్యుయిటా అంటే కఫం! పేరు పెట్టినవారు శబ్దం చూసుకున్నట్టున్నారు, మంచిపనే చేశారు.

పదకోశం_పని:
బిళ్ళల సంగతి దిద్దుకుంటాం, ధన్యవాదాలు. జిల్లేడు మిగిలిపోయింది. మడ చెట్టు ఆకు మీది ఉప్పు, తెల్లవారి వరి ఆకు కొసన నిలిచే నీటి బొట్టు కూడా చెప్పండి.

పదింతల_లెన్సు:
జిల్లేడు పాలు ఉండేవి పాల నాళాల్లో, మొక్కంతా పాకిన సన్నని గొట్టాలవి. కోసేదాకా బయటికి రావు. గ్రంథి తనంతట తానే స్రవిస్తుంది. వర్ణనలో ‘పాలు గల మొక్క’ అనండి, గ్రంథి మాట ఎత్తకండి.

వరి ఆకు కొసన బొట్టు చాలామంది అనుకునేట్టు మంచు కాదు. వేళ్లు రాత్రంతా పీల్చిన నీరు జలరంధ్రాల గుండా బయటికొస్తుంది. మంచైతే ఆకంతా తడిసి ఉండాలి, ఇది కొసకే పరిమితం.

కోరింగ మడ అడవుల్లోని అవిసీనియా ఆకుది అసలైన ఉప్పు గ్రంథి. వేళ్లు వడకట్టగా మిగిలిన ఉప్పుని ఆకు మీదికి తోసేస్తుంది. పిల్లలకు చూపించాలంటే ఎండ ఎక్కాక తీసుకెళ్లండి, అప్పుడు ఆకు మీద తెల్లటి పలుకులు తేలి, వేలితో రాస్తే గరగరమంటాయి. వాన పడ్డ మర్నాడు వెళ్తే ఏమీ ఉండదు, కడుక్కుపోయి ఉంటుంది.