గ్రంథం నకలు చెక్కుచెదరకపోతే అది దైవవాక్కు అయినట్టేనా?

వన్‌టౌన్: వైజాగ్‌లో ఈ వాదన ఎక్కడ మొదలైనా రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. “బైబిలు మార్చేశారు” అని ఒకరు, “ఖలీఫా ఉస్మాన్ ఒక్కటి ఉంచి మిగతా ఖుర్ఆన్ ప్రతులు తగలబెట్టించారు” అని ఇంకొకరు. వచనం నంబరు చెప్పి మాట్లాడేవాళ్ళే రాయండి.

జగదాంబ_జంక్షన్: అస్సలాము అలైకుమ్. 4వ శతాబ్దపు గ్రీకు బైబిలు చేతిరాత ప్రతులు సినాయ్, వాటికన్ రెండింట్లోనూ మార్కు సువార్త 16:8తోనే ముగుస్తుంది. పాములు ఎత్తిపట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం ఆ తర్వాతి 12 వచనాల్లోవే. 1 యోహాను 5:7లో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ ఒక్కటే అన్న మాట పండితుడు ఎరాస్మస్ అచ్చువేయించిన 1516, 1519 గ్రీకు ముద్రణల్లో లేదు, 1522లో చేరింది.

లూకా_చదువరి: వందనాలు భాయ్. ఆ మాట మన తెలుగు పాత అనువాదంలో లేనే లేదు, తీసి చూడండి: ఆత్మ, నీళ్లు, రక్తం, అంతే. అది తర్వాత చేరిందని ఎలా పట్టుకున్నారు? ప్రతులన్నీ ఒకే చేతి కింద లేవు కాబట్టి, పక్కపక్కన పెట్టి పోల్చగలిగారు. ఉస్మాన్ చేయించిన పని ఆ దారే మూసేసింది. మీ హదీసు గ్రంథం బుఖారీ 4987లో ఉన్నదే చెబుతున్నా. 1972లో యెమెన్‌లోని సనా మసీదులో దొరికిన తోలు ఖుర్ఆన్ ప్రతిలో, చెరిపేసిన కింది రాతలో పదాలూ వేరు, సూరాల (అధ్యాయాల) వరుసా వేరు.

జగదాంబ_జంక్షన్: కంఠస్థం చేసిన హాఫిజులను ఎవరూ తగలబెట్టలేదు కదా. అయితే “ఒక్క చుక్క కూడా తేడా లేదు” అని స్టేజీల మీద అరవడం మావాళ్ళ తప్పే. ఖుర్ఆన్ చదివే పద్ధతులు ఒకటికంటే ఎక్కువ: 3:146లో హఫ్స్ పఠనం “ఖాతల”, అంటే పోరాడాడు. వర్ష్ పఠనం “ఖుతిల”, అంటే చంపబడ్డాడు. అచ్చు గుర్తులు పెట్టని పాత రాతలో రెండిటి అక్షరాలూ ఒకటే. రెండూ గురుపరంపరగా వచ్చినవే.

నకలు_అసలు: ఇద్దరూ నకలు గురించే కొట్టుకుంటున్నారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నకలు అక్షరం పొల్లుపోదు. అంతమాత్రాన అమ్మినవాడికి ఆ స్థలం మీద హక్కున్నట్టా? స్థలాల తగాదాలు తెలిసిన ఊరికి ఇంతకంటే విడమర్చక్కర్లేదు. బర్మింగ్‌హామ్‌లో ఉన్న పాత ఖుర్ఆన్ ఆకుల తోలు 568–645 మధ్యదని తేలింది. అది జంతువు చనిపోయిన కాలం, వహీకి, అంటే దేవుడు పలికాడనడానికి, సాక్ష్యం కాదు.

పైగా రెండు గ్రంథాలూ చెప్పుకునేది ఒకటి కాదు. లూకా 1:1-4లో రచయితే విచారించి రాస్తున్నానంటాడు. ఖుర్ఆన్ దేవుడి సొంత పలుకునంటుంది. అందుకే 1805లో విశాఖలో దిగిన లండన్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయితే, క్రైస్తవుడికి ఆ తెలుగే వాక్యమైపోయింది. తెలుగు ఖుర్ఆన్ మాత్రం ముస్లింకు భావమే, నమాజులో అరబీయే.

లూకా_చదువరి: ఒప్పుకుంటా. మరి ఖుర్ఆన్ 5:47 ఇంజీలు (సువార్త) వాళ్ళను ఇంజీలు ప్రకారం తీర్పు చెప్పమంటోంది. అప్పటికి వాళ్ళ చేతుల్లో ఉన్నది ఈ సువార్తలే. సినాయ్ ప్రతి అప్పటికే 200 ఏళ్ళ పైబడిన పాతది.

జగదాంబ_జంక్షన్: పక్క ఆయత్ (వచనం) కూడా చదవండి. 5:48లో ఖుర్ఆన్ పాత గ్రంథాల మీద “ముహైమిన్”, కావలిదారు. దీనితో పొసిగిందే నిలుస్తుంది.

లూకా_చదువరి: 5:48 మాట చెల్లాలంటే ఖుర్ఆన్ దైవవాక్కని ముందే ఒప్పుకోవాలి. ప్రశ్నే అది కదా భాయ్.

జగదాంబ_జంక్షన్: లేఖనమంతా “దైవావేశము” వల్ల కలిగిందనే మీ మాటేంటి బ్రదర్? 2 తిమోతి 3:16కి ముందు వచనం చూడండి: తిమోతి చిన్నప్పటినుంచి ఎరిగిన లేఖనాలట. అతని చిన్నతనంలో లూకా సువార్త ఎక్కడుంది?