ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌లో క్రాష్ సింబల్ చేత్తో పట్టుకున్నా ఆగట్లేదు, సాయం చేయండి

అమలాపురం డ్రమ్మర్:
సాయంత్రం ఆరింటి నుంచి దీంతోనే కుస్తీ. క్రాష్ కొడితే సౌండ్ వస్తోంది. అంచు పట్టుకుంటే మాత్రం ఆగదు, చివరిదాకా మోగుతూనే ఉంది. నిన్నటిదాకా ఆగేది. మాడ్యూల్ (సౌండ్ ఇచ్చే పెట్టె) రీసెట్ చేశాను, సెన్సిటివిటీ పెంచాను, తగ్గించాను. ఎల్లుండి తీర్థంలో ఆర్కెస్ట్రా ఉంది, ఒకటే టెన్షన్.

రాజోలు మెకానిక్:
ఏ కంపెనీ? ఏ మోడల్? కేబుల్ ఏది?

పాలకొల్లు తాళం:
తమ్ముడూ, కంచు సింబల్ అయితే ఈ బాధే ఉండదు. మంచి సింబల్‌లో రాగి 80 పాళ్లు, తగరం 20 పాళ్లు. చెయ్యి వేస్తే లోహం వణుకు ఆగుతుంది, శబ్దం ఆగుతుంది. ఎలక్ట్రానిక్ రబ్బరు ప్యాడ్ మీదే నేర్చుకున్న చేతికి ఆ బరువు తెలియదు. పిల్లలకి ముందు కంచు మీదే నేర్పాలి.

భీమవరం కీబోర్డ్:
లోపలి పీజో సెన్సర్ పోయినట్టుంది. మార్చేయండి. అయినా అలా చేత్తో పట్టి ఆపడాన్ని మ్యూట్ అంటారు.

రాజోలు మెకానిక్:
మ్యూట్ వేరు, ఇది చోక్. పీజో బాగానే ఉంది, లేకపోతే సౌండే రాదు. దెబ్బకి పుట్టే వణుకుని వోల్టేజీగా మార్చడం వరకే దాని పని. చేత్తో పట్టుకోవడాన్ని కనిపెట్టేది అంచు రబ్బరు కింద ఉండే స్విచ్. రెండు పలచటి పొరలు, నొక్కితే ఒకదానికొకటి తగులుతాయి. దెబ్బా స్విచ్చూ కలిసి వస్తే అంచు మీద కొట్టారని, దెబ్బ లేకుండా స్విచ్ ఒక్కటే వస్తే పట్టుకున్నారని మాడ్యూల్ లెక్క. కేబుల్ సంగతి చెప్పలేదు.

భీమవరం కీబోర్డ్:
సౌండ్ ఆగితే మ్యూటే కదండీ.

అమలాపురం డ్రమ్మర్:
కేబుల్ కొత్తదే అన్నా. పాతది తెగిపోతే మధ్యాహ్నం గిటార్ కేబుల్ పెట్టాను.

రాజోలు మెకానిక్:
ఇది ముందే చెప్పాల్సింది. గిటార్ కేబుల్ మోనో. పిన్ మీద నల్ల గీత ఒకటే ఉంటుంది, మీకు రెండు గీతల స్టీరియో కావాలి. మొనలో పీజో, మధ్య రింగులో స్విచ్ వెళ్తాయి. మోనో పిన్ పెడితే రింగు గ్రౌండుకి కలిసిపోతుంది. స్విచ్ ఎప్పుడూ నొక్కే ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు పట్టుకున్నా తేడా తెలియదు. పనిలో పనిగా జాకులు కూడా చూడండి. మన కోనసీమ తేమకి చిలుము పడుతుంది.

పాలకొల్లు తాళం:
కంచుకీ చిలుము పడుతుంది, కానీ తుడిస్తే పోతుంది.

అమలాపురం డ్రమ్మర్:
స్టీరియో పెట్టాను, ఆగుతోంది. థాంక్స్ అన్నా.

భీమవరం కీబోర్డ్:
మా రైడ్ సింబల్‌కి రెండు కేబుళ్లు వస్తాయి. ఒకటి బెల్ (మధ్యలో ఉబ్బెత్తు భాగం) కోసమేనా?