జార్క్ మళ్ళీ ఆడాను, కానీ ఆ పాత ఆనందం దక్కలేదు. లోపం ఎక్కడ ఉంది?

ప్రశ్న

చాలా ఏళ్ళ తరువాత మొన్న జార్క్ మొదటి భాగాన్ని ఫోనులో దింపుకుని ఆడాను. బొమ్మలు లేకుండా, తెర మీది వర్ణన చదివి, ఏం చేయాలో టైపు చేస్తూ ఆడే పాత కంప్యూటరు ఆట అది. తెల్ల ఇల్లు, దాని ముందు తపాలా పెట్టె, అందులో కరపత్రం, తివాచీ కింద దాగిన నేల తలుపు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకప్పుడు నెలల తరబడి నన్ను వదలని ఆ ఆటను, చిక్కుపడ్డ ప్రతిచోటా నెట్‌లో పరిష్కారం చూసుకుంటూ, ఒక్క మధ్యాహ్నంలో ముగించేశాను. ఆ ఊపులోనే, చదువుకునే రోజుల్లో రాత్రుళ్ళు గడిపిన ఒక మడ్, అంటే చాలామంది నెట్ ద్వారా ఒకేసారి కలిసి ఆడే అలాంటి అక్షరాల ఆట, ఇంకా నడుస్తోందని తెలిసి టెల్‌నెట్‌తో (దూరపు కంప్యూటరుకు కలిపే పాత పద్ధతితో) లోపలికి వెళ్ళాను. నా పాత్ర చెక్కుచెదరలేదు, కత్తి సంచిలోనే ఉంది. ఎవరెవరు ఉన్నారో చూద్దామని ‘హూ’ అని కొడితే జాబితాలో నా పేరొక్కటే వచ్చింది. ఇది వయసు తెచ్చిన బెంగేనా, లేక ఆ ఆటల్లో ఇప్పుడు దొరకనిది నిజంగానే ఏదైనా ఉండేదా?

మొదటి సమాధానం

మీరు ఆట ఆడలేదండి, పరిష్కారం చదివారు. ఆ ఆటల్లో సగం పని తెర మీద కాక పక్కనున్న కాగితం మీద జరిగేది. గుహల్లో సాగే అదే తరహా పాత ఆట అడ్వెంచర్‌నే తీసుకోండి. దాన్ని 1970ల మధ్యలో రాసిన విల్ క్రౌథర్ స్వయంగా గుహలు అన్వేషించి, కెంటకీలోని మామత్ గుహల పటాలు తయారుచేయడంలో పాలుపంచుకున్న మనిషి. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశారు. అందులోని చిక్కుదారులను పద్మవ్యూహం అనాలి. ప్రతి మలుపుకూ అక్షరం తేడా లేని ఒకే వర్ణన వస్తుంది, ఉత్తరానికి వెళ్ళి దక్షిణానికి తిరిగితే బయలుదేరిన చోటికే చేరతామన్న భరోసా కూడా ఉండదు. ఒకచోట తాళపుచెవులు, ఇంకొకచోట సీసా, మరొకచోట పంజరం వదిలి, వాటినే గుర్తులుగా పెట్టుకుని దారి గీసుకోవాలి. వస్తువులు చాలకపోతే వెనక్కి వెళ్ళి తెచ్చుకోవాలి, ఈలోగా దీపంలో బ్యాటరీ తరిగిపోతూ ఉంటుంది. నేను గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో గీసిన పటం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చెరిపి చెరిపి దానికి చిల్లు పడింది సరిగ్గా ఆ చిక్కుదారులు ఉన్నచోటే.

రెండవ సమాధానం

నేను కొంత విభేదిస్తాను. అడ్వెంచర్‌కు రెండు మాటలకు మించి అర్థమయ్యేవి కావు, ఒక్కో మాటలో మొదటి ఐదు అక్షరాలనే అది చూసేది. ఏం చేయాలో తెలిసినా, దానికి ఏ క్రియాపదం నచ్చుతుందో తెలియక గంటలు వృథా అయ్యేవి. ఆ విసుగును మనం ఇప్పుడు సాహసంగా గుర్తు చేసుకుంటున్నాం. పైగా ఈ కళ ఆగిపోలేదు. ఇలాంటి అక్షరాల ఆటలకు ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీ 1995 నుంచి ఏటా జరుగుతోంది. 2006లో వచ్చిన ఇన్‌ఫార్మ్ 7 అనే ఆటల తయారీ సాధనంతో మామూలు ఇంగ్లీషు వాక్యాలను పోలిన వాక్యాలతోనే ఆట రాయవచ్చు. కొత్తవి ఆడి చూడండి.

మూడవ సమాధానం

పై ఇద్దరూ జార్క్ సంగతే చూశారు, అడిగినవారి అసలు బాధ రెండవ సగంలో ఉందని నాకు అనిపిస్తోంది. జార్క్ ఎంఐటీలో పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటరు మీద పుట్టింది. ఇంటి కంప్యూటర్లలో పట్టదు కనుక ఇన్ఫోకామ్ అనే సంస్థ దాన్ని మూడు భాగాలు చేసింది. ఒక్కో రకం కంప్యూటరుకు ఆటను తిరగరాసే అవసరం లేకుండా, జెడ్-మెషీన్ అనే ఊహాయంత్రాన్ని రూపొందించి, కథంతా దాని కోసమే రాసింది. కొత్త పరికరం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ఊహాయంత్రాన్ని దానిలోకి దింపితే చాలు. ఆ కథ మీ ఫోనులో నడవడానికి కారణం అదే.

మడ్‌కు అలాంటి ఉపాయం లేదు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్ళిన మొట్టమొదటి మడ్ నాటి నుంచీ, అక్కడ అసలు సరుకు పక్క గదిలో తిరుగుతున్న మరో మనిషే. పావెల్ కర్టిస్ 1990లో తన ఇంటి నమూనాతో ప్రారంభించిన లాంబ్డామూ అనే మడ్‌లో అడుగుపెట్టగానే మీరు కోట్లు తగిలించుకునే ఒక చీకటి గదిలో ఉంటారు. చేతులకు కోట్లూ, బూట్లూ, నిద్రపోతున్నట్టున్న మనుషులూ తగులుతుంటారు. వర్ణనలో అదొక చమత్కారం, ఎందుకంటే ఆ లోకంలో లాగౌట్ అయినవారు నిద్రపోతున్నట్టే లెక్క. తడుముకుని తలుపు తెరిస్తే హాలు వస్తుంది, అక్కడ జనం కబుర్లాడుకుంటూ ఉంటారు. ప్రోగ్రామింగ్ కాస్త నేర్చుకుంటే మన గది మనమే కట్టుకోవచ్చు. గదులను, కత్తులను డిస్కులో దాచవచ్చు కానీ, హాల్లోని ఆ కబుర్లను దాచే వీలు ఎవరికీ లేదు. మీ మడ్‌లో అందరూ ఇప్పుడు ఆ కోట్ల గదిలో ఉన్నారన్నమాట.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. మొదటి సమాధానం నన్ను కాస్త సిగ్గుపరచింది. గళ్ళ కాగితాలు తెచ్చుకున్నాను, ఈసారి పరిష్కారం చూడకుండా అడ్వెంచర్ ఆడుతున్నాను, ప్రస్తుతం చిక్కుదారుల్లోనే ఉన్నాను. నిన్న రాత్రి మడ్‌లోకి మళ్ళీ వెళ్ళి నోటీసు బోర్డు చదివితే, చిట్టచివరి చీటీ ఎన్నో ఏళ్ళ కిందటిది. ‘ఎవరైనా ఉన్నారా?’ అని ఒక్క ముక్కే ఉంది. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదింటికి వస్తానని దాని కింద రాసి వచ్చాను.