అమ్మ బిడ్డతో ఆడుతుంటే వీడియో తీయడం: సాయమా, తప్పులు పట్టడమా?

బుజ్జిగాడి అమ్మ:
మా వాడికి మూడున్నరేళ్ళు, ఆటిజం. మొన్న థెరపీ సెంటర్లో మేమిద్దరం ఆడుకుంటుంటే పది నిమిషాలు వీడియో తీశారు. ఓ మూల కూర్చుని ఒకావిడ ఏదో రాసుకుంటోంది. వీడేమో స్టీలు గిన్నె తిప్పుకుంటున్నాడు. నాకు టెన్షన్. "ఇదేం రంగు? కాకి ఏమంటుంది? చెప్పు నాన్నా" అని ఊపిరాడకుండా అడుగుతూనే ఉన్నాను. ఇంట్లో నేనలా ఉండను. "నువ్వు మాట్లాడించకే వాడికి మాటలు రాలేదు" అని మా అత్తగారు ఇప్పటికే అంటున్నారు. ఇక దానికి కెమెరా సాక్ష్యం కూడానా?

గోదారి గట్టు:
మీ భయం ఉత్తది కాదమ్మా. 1943లో ఆటిజాన్ని వర్ణించిన మానసిక వైద్యుడు లియో కానరే ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత గలవాళ్ళు తక్కువని రాశాడు. 1967 నాటికి పిల్లల మనస్తత్వంపై పుస్తకాలు రాసిన బ్రూనో బెటెల్‌హైమ్ నేరమంతా తల్లుల నెత్తిన పెట్టాడు. ప్రేమ చూపని, ఫ్రిజ్‌లాంటి అమ్మలట! పది నిమిషాలు చూసి అమ్మకు మార్కులేస్తే మళ్ళీ అక్కడికే పోతాం. ఒప్పుకోకండి.

మాటల టీచర్ (స్పీచ్ థెరపిస్ట్‌ని):
గట్టు గారూ, చరిత్ర నిజమే, సలహా మాత్రం తప్పు. బ్రిటన్‌లో 152 మంది పిల్లలతో పాక్ట్ అనే ట్రయల్ చేశారు, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో అమ్మానాన్నలు థెరపిస్టుతో కూర్చుని తమ వీడియో తామే చూస్తారు, కుదిరిన క్షణాలు వెతుకుతారు. ఆటిజం లక్షణాల్లో అప్పటికి పెద్ద తేడా రాలేదు, దాచడమెందుకు. కానీ పెద్దవాళ్ళు బిడ్డను గమనించి బదులిచ్చే తీరు బాగా మారింది. తర్వాత ఇదే పద్ధతిని గోవాలో, రావల్పిండిలో 65 మంది పిల్లలతో పరీక్షించారు. నేర్పింది స్పెషలిస్టులు కూడా కాదు. అక్కడ పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

గోదారి గట్టు:
సరే, కలిసి చూస్తే వేరు. ఈవిడకు చూపించారా మరి? వెనక నుంచి రాసుకున్నారు, అంతేగా. నాన్నను ఎవరూ వీడియో తీయరేం?

బుజ్జిగాడి అమ్మ:
అడిగితే ఇవాళ చూపించారు. ఆరో నిమిషంలో నేను అలిసిపోయి నోరు మూసుకున్నాను. గిన్నె ఆగింది. వాడు దాన్ని నా మోకాలి దాకా తోసి, నా మొహంలోకి చూశాడు. అప్పుడు నేనేమో బ్యాగులో నీళ్ళ సీసా వెతుక్కుంటున్నా! మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశాను.

ఆవిడ రాసుకున్న కాగితం మాత్రం ఇంకా ఇవ్వలేదు. సోమవారం అడుగుతా, మా ఆయన్నీ వెంట తీసుకెళ్ళి.