సరుకులు కలిపి ఒకే లారీలో పంపితే డీజిల్ నిజంగా మిగులుతుందా?

దారిలెక్క:
సగం నిండిన రెండు లారీలు ఒకే దారిన ఒకదాని వెనక ఒకటి పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సరుకు సగమైతే డీజిల్ సగం కాదు. లారీ తన సొంత బరువునూ మోయాలి, గాలినీ చీల్చుకుపోవాలి. మొత్తం బరువు 40 టన్నులుండే ట్రైలర్ నిండుగా ఉంటే 100 కిలోమీటర్లకు 30 నుంచి 35 లీటర్లు తాగుతుంది. ఖాళీగా నడిపినా 20 దాటుతుంది. సగం లోడుకు 27 చొప్పున వేసుకుంటే రెండింటికీ 54. అంతా ఒకదానికే ఎక్కిస్తే 33. మిగిలే 21 లీటర్లు కాలకపోతే గాలిలోకి సుమారు 55 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేరదు. కంపెనీలు వేరైనా సరే, కలిపి పంపడం తప్పనిసరి చేయాలి.

గోడౌన్‌మేట్:
లారీలు రెండూ ఒకే గేటు దగ్గర బయల్దేరి ఒకే గేటు దగ్గర ఆగితేనే మీ లెక్క నిలుస్తుందండీ. నేను రోజూ లోడింగ్ దగ్గరే ఉంటాను. నాలుగు చోట్ల సరుకును చిన్న బండ్లలో గోడౌన్‌కి తేవాలి, దించాలి, వేరుచేయాలి, మళ్లీ ఎక్కించాలి. ఆ చుట్టు తిరుగుడు డీజిల్ మీ 33లో లేదు. రసాయనాల డ్రమ్ముల పక్కన తిండి సరుకు పెట్టలేం. పైగా ఆఖర్న దిగే సరుకు ముందు ఎక్కాలి. ఒకసారి ఆ వరుస తప్పి, నడిరోడ్డు పక్కన సగం లారీ దించి మళ్లీ ఎక్కించాం. పదిహేను పెట్టెలు పగిలాయి. వాటి బదులు పంపడానికి ఇంకో బండి కట్టాల్సి వచ్చింది. తప్పనిసరి అంటే మాత్రం ఒప్పుకోను.

పరుపులవ్యాపారి:
మా ఫోమ్ పరుపులు పైకప్పు దాకా నింపినా లారీ మోయగల బరువులో చిన్న వంతు కూడా రాదు. టైల్స్ వాళ్లది దీనికి తిరగేసిన కథ. తూకం పరిమితి ముగిసిపోతుంది, పైన అంతా ఖాళీ. కింద టైల్స్, పైన పరుపులు వేస్తే రెండు లారీల పని దాదాపు ఒకదానితో అయిపోతుంది. చేశాం కూడా. అయితే జత దొరకాలంటే రెండు రోజులు ఆగాలి. కొనేవాళ్లు రేపటికే కావాలంటారు. అసలు అడ్డం ఆ గడువే.

దారిలెక్క:
తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గడువు సంగతి నాకు తట్టలేదు. ఆర్డర్ పెట్టేటప్పుడే ‘రెండు రోజులు ఆగగలను’ అని చెప్పే వీలుంటే చాలామంది ఆగుతారనే నా నమ్మకం. గోడౌన్‌మేట్ గారూ, 2023లో వచ్చిన ఐఎస్ఓ 14083 ప్రమాణం దారిలోని గోడౌన్‌లో ఖర్చయ్యే ఇంధనాన్నీ, కరెంటునూ, బండి ఖాళీగా తిరిగే దూరాన్నీ ఉద్గారాల లెక్కలో చేర్చమంటుంది. ఆ పద్ధతిలో లెక్కేసి, లాభం తేలిన దారుల్లోనే కలుపుదాం.

గోడౌన్‌మేట్:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఏది ఎక్కడ దిగుతుందో మాత్రం బుకింగ్ రోజే చెప్పించండి. లారీ వచ్చి నిలబడ్డాక చెబితే మా చేతుల్లో ఏమీ ఉండదు.