హీరో హీరోయిన్లు కలిసిపోతే డ్రామా అక్కడితో అయిపోయినట్టేనా?

పాతటేపు:
ఏ క్రైమ్ డ్రామా మొదలుపెట్టినా మూడు నాలుగు ఎపిసోడ్లకే సంగతి తెలిసిపోతోంది. హత్య, విచారణ, కోర్టు అన్నీ సాకు, అసలు కథ ఆ ఇద్దరూ ఎప్పుడు దగ్గరవుతారన్నదే. పోనీ అదైనా సరిగ్గా నడుపుతారా అంటే, కలపనంతకాలం సాగదీస్తారు, కలిపాక ఏం రాయాలో తోచక చేతులెత్తేస్తారు. మూన్‌లైటింగ్ గుర్తుందా? 1985లో అమెరికాలో ఏబీసీ ఛానెల్లో మొదలైంది. డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే డేవిడ్, మ్యాడీ రెండేళ్లు మాటకి మాట విసురుకుంటుంటే జనం ఎగబడి చూశారు. 1987 మార్చిలో ఇద్దర్నీ ఒక్కటి చేశారు, 1989కల్లా దుకాణం సర్దేశారు. నా మాట ఒక్కటే, కలపకండి. కలిపితే చావే.

మేఘమాల:
కలపకపోతే మేం ఎందుకు చూడాలండీ మరి?

గుండుసూది:
పాతటేపు గారూ, ఈ మూన్‌లైటింగ్ కథ ఇంకెన్నిసార్లు చెప్తారు. కలిపినందుకు పోలేదు అది. కలిపాక ఆ ఇద్దరూ ఒకే సీన్‌లో కనిపించడమే గగనమైపోయింది. మ్యాడీ వేసిన సిబిల్ షెపర్డ్‌కి కవలలు, 1987 అక్టోబర్‌లో కాన్పు. డేవిడ్ వేసిన బ్రూస్ విల్లిస్ ఏమో డై హార్డ్ సినిమా షూటింగ్‌లో. స్క్రిప్టులు ఎప్పుడూ ఆలస్యమే, కొత్త ఎపిసోడ్ రావాల్సిన రోజున పాతది వేసేవాళ్లు. పైగా 1988లో రచయితల సమ్మె, ఐదు నెలలు. సీరియల్‌ని పుట్టించిన గ్లెన్ గోర్డన్ కేరన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఇన్ని జరిగితే నింద మాత్రం ప్రేమ మీద. కాల్షీట్లు కుదరక పోయిన సీరియల్ అది.

పాతటేపు:
ఒప్పుకోను. మ్యాడీకి రైల్లో పరిచయమైన ఎవరో అతనితో పెళ్లి చేయమని కాల్షీట్లు చెప్పాయా? కలిపేసిన జంటని ఏం చేయాలో తెలియక, మళ్లీ విడగొట్టడానికి వెతుక్కున్న అడ్డదారి అది.

గుండుసూది:
ఆమె అసలు చికాగోకి, అమ్మానాన్నల దగ్గరికి ఎందుకెళ్లింది కథలో? నటి సెట్‌కి రాలేని పరిస్థితి కాబట్టి. రైలు, పెళ్లి అంతా ఆ తర్వాతే.

రిమోట్‌నాదే:
1987 సీరియల్ మీద ఇప్పుడు యుద్ధమా? కాస్త ఈమధ్యవి మాట్లాడండయ్యా.

నిద్రలేమి:
బోన్స్‌ని ఎక్కడ పెడతారు మరి? 2005లో మొదలైంది. ఎఫ్‌బీఐ ఏజెంట్ బూత్, ఎముకల నిపుణురాలు బ్రెన్నన్ 2011లో, ఆరో సీజన్ చివర్లో కలిశారు. 2013లో పెళ్లి. సీరియల్ 2017 దాకా నడిచింది, మొత్తం 12 సీజన్లు. అంటే సగం ఆయుష్షు కలిశాకే కదా. చచ్చిందెక్కడ? నా కోపం వేరే ఉంది. ఆరేళ్లు ఎదురుచూసినవాళ్లకి వాళ్లు దగ్గరైన ఘట్టం సరిగ్గా చూపించనే లేదు, ఆ తర్వాతి ఎపిసోడ్ చివర్లో ఆవిడ గర్భవతినని చెప్తుంది, అంతే, సీజన్ అయిపోయింది. నేనూ మా అక్కా కలిసి చూసేవాళ్లం. ఆ రోజు అక్క లేచి టీవీ కట్టేసి ఇంక చూడనంది, నిజంగానే మళ్లీ చూడలేదు. ఇద్దరం రోజూ మాట్లాడుకోవడానికి ఉన్న ఒక్క విషయం కూడా అలా పోయింది. నేనొక్కదాన్నే చివరిదాకా చూశాను కాబట్టి చెప్తున్నా, కలపడంలో తప్పు లేదు, దొంగచాటుగా కలపడమే తప్పు.

గుండుసూది:
బ్రెన్నన్ వేసిన నటి ఎమిలీ డెషానెల్ అప్పుడు నిజంగానే గర్భవతి, అందుకే కథలో పెట్టారు. చూశారా, ఇక్కడా కాల్షీటే.

నిద్రలేమి:
గర్భం కాల్షీటా?

గుండుసూది:
షూటింగ్ వరకు అంతేగా.

సైలెంట్_రీడర్:
ఎప్పుడూ రాయను గానీ ఒక్క మాట. ఫ్రైడే నైట్ లైట్స్‌లో ఫుట్‌బాల్ కోచ్ ఎరిక్, టామీ మొదటి ఎపిసోడ్‌కే భార్యాభర్తలు. ఆయన ఉద్యోగం, ఆవిడ ఉద్యోగం, ఎదిగొస్తున్న కూతురు, వాటి మీద వచ్చే గొడవలు, ఐదు సీజన్లూ అవే. ది అమెరికన్స్ కూడా అంతే, ఫిలిప్, ఎలిజబెత్ అమెరికాలో ఉన్న సోవియట్ గూఢచారులు, పై నుంచి ఆదేశం వస్తే పెళ్లి చేసుకున్నవాళ్లు. ఆ పెళ్లి నిజమా నటనా అన్నదే ఆరు సీజన్ల కథ. కలిశాక కథ ఉండదు అనేవాళ్లకి పెళ్లి గురించి ఏమీ తెలియదనిపిస్తుంది నాకు.

మేఘమాల:
పై కామెంట్‌కి వంద లైకులు.

పాతటేపు:
అవి వేరండీ. అక్కడ ఎదురుచూపు లేదు కాబట్టి తీరిపోవడానికీ ఏమీ లేదు. నేను మాట్లాడేది ఎదురుచూపునే పెట్టుబడిగా పెట్టుకున్న వాటి గురించి. కాసిల్ తీసుకోండి, 2009లో మొదలైంది, నాలుగు సీజన్లు రచయిత కాసిల్, డిటెక్టివ్ బెకెట్ ఊరించారు, 2012లో కలిశారు, 2016లో ఆగిపోయింది. మళ్లీ అదే లెక్క.

నిద్రలేమి:
కలిశాక ఇంకో నాలుగు సీజన్లు నడిస్తే దాన్ని చావంటారా? పైగా ఎనిమిదో సీజన్‌లో ఏం చేశారో చెప్పరేం? పెళ్లయిన ఇద్దర్నీ ఒక కుట్ర సాకుతో మళ్లీ వేరు చేశారు. కలిసి ఉంటే చప్పగా ఉంటుందని మీలాంటివాళ్లే చెప్పి ఉంటారు. వేరు చేసిన సీజనే చివరి సీజన్ అయింది.

గుండుసూది:
తర్వాతి సీజన్‌లో బెకెట్ వేసిన స్టానా కటిక్ ఉండదని ప్రకటించాక, మే నెలలో రద్దు చేశారు. మళ్లీ చెప్తున్నా…

నిద్రలేమి:
చెప్పకండి.

పాతటేపు:
ఈ ముద్దు ఎప్పుడా అని ఎపిసోడ్లు లెక్కపెట్టుకునే బ్యాచ్‌తో వాదన దండగ. వీళ్లకి కేసు అక్కర్లేదు, మిగతా పాత్రలు అక్కర్లేదు, ఆ ఇద్దరి ముక్కలు కత్తిరించి వీడియో చేసి ఇస్తే చాలు.

నిద్రలేమి:
అదీ, ఇప్పుడు బయటికొచ్చింది. హంతకుడెవరని మీరు బుర్ర బద్దలుకొట్టుకుంటే తెలివి, ఆ ఇద్దరూ ఏమైపోతారని మేం ఆలోచిస్తే పిచ్చి. వేలిముద్రల గురించి వాదించుకోవడం గొప్ప, ఒక మనిషి ఇంకో మనిషిని ఎందుకు నమ్మలేకపోతోందో ఆలోచించడం చిల్లర. ఈ చులకన నాకు కొత్త కాదు. నేనేం చూస్తున్నానో అడిగి, చెప్పగానే నవ్వేవాళ్లని చాలామందిని చూశాను. సీరియల్‌ని అన్ని సీజన్లు బతికించేది మేమే, నవ్వేదీ మమ్మల్నే.

రిమోట్‌నాదే:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా, ఆగండి.

పాతటేపు:
సరే, చెప్తాను వినండి. ఒక ఫ్యాన్ గ్రూపులో చాలాకాలం ఉన్నాను. హీరో పాత ప్రేయసిగా ఒక పాత్ర వచ్చింది, నాకు బాగా నచ్చింది, ఆమెకంటూ సొంత కథ ఇస్తే బాగుండునని రాశాను. అంతే. జంటని విడదీయాలని చూస్తున్నానట. నన్ను తిట్టారు, గ్రూపులోంచి తీసేశారు, అది పోనీయండి. ఆ నటి పెట్టే ప్రతి ఫొటో కింద బూతులు. ఆవిడ చేసిన నేరం రాసిచ్చిన డైలాగ్ చెప్పడం. బ్రేకింగ్ బ్యాడ్‌లో భార్య స్కైలర్ పాత్ర వేసిన అన్నా గన్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో ఇదే రాసింది, పాత్ర మీద ద్వేషం చివరికి తన మీదకే మళ్లిందని. అది ప్రేమకథ కూడా కాదు, కేవలం హీరోకి అడ్డొస్తోందని ఆ కోపం. ఇక జంట ఉన్న సీరియల్‌లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. జంట అనేది ఒకటి తయారయ్యాక మిగతా పాత్రలన్నీ దారికి అడ్డమే. నాకు ప్రేమంటే మంట లేదు. ఎముక చూసి మనిషి కథ చెప్పే బ్రెన్నన్ అంటే నాకు ప్రాణం, కలిశాక సగం సీన్లలో ఆవిడ ఆయన భార్యే, అదీ నా బాధ.

సైలెంట్_రీడర్:
ఇది మొదటి పోస్ట్‌లోనే రాసి ఉంటే సరిపోయేది కదండీ.

నిద్రలేమి:
ఆ నటిని తిట్టినవాళ్లని నేనూ వెనకేసుకురాను. కానీ ఆ అభిమానులకి ఆశ పెట్టిందెవరు? ప్రోమో నిండా ఆ ఇద్దరి చూపులే, ఎపిసోడ్‌లో చూస్తే అది కల. ది హండ్రెడ్‌లో ఏం చేశారు? క్లార్క్, లెక్సా ఇద్దరమ్మాయిల ప్రేమ. ఆ కథ చూసే కొత్తవాళ్లు ఎంతోమంది వచ్చారు, సీరియల్ తీసేవాళ్లు మమ్మల్ని నమ్మండి అంటూ సోషల్ మీడియాలో భరోసా ఇచ్చుకుంటూ వచ్చారు. 2016 మార్చిలో ఇద్దర్నీ కలిపి, అదే ఎపిసోడ్‌లో గురితప్పిన తూటాతో లెక్సాని చంపేశారు. అంత గొడవయ్యాక నిర్మాత జేసన్ రోథెన్‌బర్గ్ క్షమాపణ రాశాడు. ఆ అభిమానులు తిట్టి ఊరుకోలేదు, స్వలింగ ప్రేమికులైన పిల్లలు ఆత్మహత్యల వైపు వెళ్లకుండా చూసే ట్రెవర్ ప్రాజెక్ట్‌కి చందాలు పోగుచేశారు. వీళ్లూ ఎపిసోడ్లు లెక్కపెట్టుకునే బ్యాచేనా?

గుండుసూది:
లెక్సా వేసిన నటి అప్పటికే ఇంకో సీరియల్‌లో చేస్తోంది. కాల్షీట్లు…

మేఘమాల:
గుండుసూది గారూ, చూసేవాళ్లకి కనిపించేది కథండీ, మీ కాల్షీట్ల పట్టిక కాదు. నటి వెళ్లిపోతే పాత్ర ఊరెళ్లొచ్చు, చావక్కర్లేదు.

పాతటేపు:
లెక్సా విషయంలో మీ కోపం న్యాయమే. కానీ అక్కడినుంచి మీరు వెళ్లే చోటు నాకు నచ్చదు. అభిమానులు అడిగారని కథ మార్చడం మొదలైతే రచయిత ఎందుకు ఇక? అతను మనకి ఏమీ బాకీ లేడు. నచ్చకపోతే కట్టేసుకుంటాం, మీ అక్కలాగే.

నిద్రలేమి:
అడిగినట్టు రాయమనలేదు నేను. హౌ ఐ మెట్ యువర్ మదర్ చూడండి, ఒక తండ్రి తన పిల్లలకి వాళ్ల అమ్మని ఎలా కలిశాడో చెప్పే కథ. 2014లో వచ్చిన ముగింపు, అందులో ఆ పిల్లల సీన్ ఎన్నో ఏళ్ల ముందే తీసిపెట్టుకున్నారు. ఈలోపు పాత్రలు మారాయి, బార్నీ, రాబిన్ దగ్గరయ్యారు, చివరి సీజన్ దాదాపు అంతా వాళ్ల పెళ్లే. ఆఖరి ఎపిసోడ్‌లో గబగబా విడాకులిప్పించి పాత సీన్ అంటించారు. అక్కడ ఏ అభిమాని మాటా వినలేదు, రచయిత తన ప్లాన్‌నే పట్టుకున్నాడు. బాగుందా?

రిమోట్‌నాదే:
అది కామెడీ. టాపిక్ డ్రామా.

పాతటేపు:
బాగాలేదు. అయినా అది అతని హక్కు. బాగాలేని కథ రాసే హక్కు కూడా ఉండాలి, లేకపోతే బాగున్నదీ రాదు.

నిద్రలేమి:
హక్కు సరే. ఆశ చూపించి వారం వారం నన్ను కూర్చోబెట్టుకున్నప్పుడు బాకీ కూడా ఉంటుంది. రెండూ కావాలంటే కుదరదు.

పాతటేపు:
ఆశ చూపించకుండా ఏ కథ నడుస్తుందండీ? హంతకుడు దొరుకుతాడన్నదీ ఆశే. అదీ బాకీ కిందే రాసుకుందామా?

నిద్రలేమి:
దొరక్కుండా సీరియల్ ముగించనివ్వండి, మీరే ఇక్కడ కొత్త థ్రెడ్ పెడతారు.