ఐరిష్ క్రియ 'స్కాప్'కి ఇంగ్లీషులో ఏ మాట రాయాలి?

ప్రశ్న: ఐరిష్ నేర్చుకుంటున్నాను. 'స్కాప్' వచ్చిన ప్రతిచోటా 'స్కాటర్' అని రాస్తున్నా. గుంపు చెదిరిందంటే సరిపోతోంది. 'స్కాప్ అన్ క్యో' దగ్గర ఆగిపోయాను. క్యో అంటే పొగమంచు కదా, అది స్కాటర్ అవుతుందా? పైగా 'లాహ్' అని ఇంకో క్రియ ఉంది, నిఘంటువులో రెండిటికీ 'స్ప్రెడ్' ఉంది. ఏది ఎక్కడో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: పొగమంచుకి 'క్లియర్డ్' రాయండి. దేని గురించి చెబుతున్నారో చూస్తే మాట దానంతట అదే దొరుకుతుంది. వార్తకి, జబ్బుకి 'స్ప్రెడ్'. డబ్బు తగలేస్తే 'స్క్వాండర్'. నాకు బాగా ఇష్టమైన రూపం 'స్కాపె'. మనిషిని అలా అంటే, ఆలోచన ఒకచోట నిలవనివాడని. అక్కడ 'స్కాటర్‌బ్రెయిన్డ్' చక్కగా అతుకుతుంది.

జవాబు 2: 'లాహ్'లో వస్తువు ముక్కలవదు, విచ్చుకుంటుంది. బట్ట పరచడం, రెక్కలు చాపడం, కళ్లు విప్పారడం అన్నీ అదే. చలికి కొయ్యబారిపోయానని చెప్పడానికీ దాని రూపమే వాడతారు, ఇది విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. వార్త పాకడానికి మాత్రం రెండూ చెల్లుతాయి.

ప్రశ్న అడిగినవారు: మరి విత్తనాలు చల్లడానికి?

జవాబు 2: 'స్కాప్'. అక్కడ మీ 'స్కాటర్' అలాగే ఉంచండి.